గడ్డ వేరు, హార్మోను వేరు

"నాకు థైరాయిడ్ ఉంది" అనే మాట మన ఇళ్లలో బీపీ, షుగరుల సరసన ఎప్పుడో చేరిపోయింది. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలగాపులగమైపోయాయి. గ్రంథి హార్మోనును సరిపడా తయారుచేస్తోందా అన్నది ఒకటి. గ్రంథిలో ఎక్కడైనా గడ్డ, డాక్టర్లు నాడ్యూల్ అనేది, లేచిందా అన్నది రెండోది. బోరు మోటారు ఎన్ని నీళ్లు పోస్తోందో చూడటం, దాని ఒంటి మీద ఎక్కడైనా ఉబ్బు వచ్చిందేమో చూడటం ఒకటే పని కాదు కదా. నీళ్లు బాగా పోస్తున్న మోటారుకూ ఉబ్బు ఉండొచ్చు. గడ్డ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, గ్రంథిని పనికి పురిగొల్పే హార్మోను అయిన టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది.

ఈ రెండూ కలిపేయడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. స్కానింగులో గడ్డ కనపడగానే, టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా, "కరుగుతుంది" అని థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) బిళ్ల మొదలుపెట్టడం ఇంకా జరుగుతోంది. ఒకప్పుడు అన్నిచోట్లా చేసిన వైద్యమే అది. టీఎస్‌హెచ్‌ను బాగా కిందికి దించేస్తే గడ్డకు ఎదిగే ప్రేరణ ఉండదని ఆలోచన. చాలా గడ్డలు దానికి లొంగలేదు. కాస్త తగ్గినవి కూడా మందు ఆపగానే మళ్లీ పెరిగాయి. ఈలోగా అక్కర్లేని హార్మోను వల్ల గుండె లయ తప్పడం, నెలసరి ఆగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారడం వంటి ఇబ్బందులు తోడయ్యాయి. అయోడిన్ సరిపడా అందే జనాల్లో ఈ వైద్యం వద్దని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల్లో తేల్చి చెప్పింది. ఇక రెండోవైపు తప్పు ఇంకా బాధాకరం. ఏళ్ల తరబడి బిళ్ల వేసుకుంటున్న మనిషి మెడలో కొత్తగా గట్టి గడ్డ తగిలినా "నాకు థైరాయిడ్ ఉందిగా, అదే అయ్యుంటుంది" అని ఊరుకోవడం. బిళ్ల హార్మోను లోటు తీరుస్తుంది. గడ్డ ఏమిటో తేల్చడం దాని పని కాదు.

గడ్డ విషయంలో పరీక్షలకు ఒక వరుస ఉంది. ఆ వరుసలో పోతే చాలామందికి భయమూ, ఖర్చూ, కత్తీ తప్పుతాయి. నిజంగా ప్రమాదంలో ఉన్న కొద్దిమంది ముందే దొరుకుతారు. ఏ లక్షణమూ లేనివాళ్లకు హెల్త్ చెకప్ ప్యాకేజీలో మెడ స్కానింగు కూడా కలిపి చేసేయడం ఆ వరుసను తలకిందులు చేస్తుంది. అందుకే దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

వెతికితే దొరుకుతాయి

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు, కంఠమణికి కాస్త కింద, శ్వాసనాళాన్ని పట్టుకుని కూర్చున్న సీతాకోకచిలుకలా ఉంటుంది. పెద్దవాళ్లలో దాని బరువు 20 గ్రాములు అటూ ఇటూ. చేత్తో తడిమి చూస్తే నూటికి నలుగురైదుగురిలోనే గడ్డ తగులుతుంది. అదే జనానికి అల్ట్రాసౌండ్ చేస్తే నూటికి 20 మందికి తక్కువ కాకుండా, కొన్ని పరిశీలనల్లో 60 మందికి పైగా, ఏదో ఒక గడ్డ కనపడింది. వయసు పెరిగేకొద్దీ, స్త్రీలలో మరింతగా కనపడతాయి. వీటిలో పదింట తొమ్మిది వరకు ప్రమాదం లేనివే: కొల్లాయిడ్ గడ్డలు, నీటి తిత్తులు, అడినోమాలు, హాషిమోటో వాపులో (ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద పడటం వల్ల వచ్చేది) గడ్డలా అనిపించే చోట్లు.

అయితే అందరికీ చూసేస్తే తప్పేముంది, ఉన్న ఒక్క కేన్సరూ దొరుకుతుందిగా అనిపిస్తుంది. దీనికి దక్షిణ కొరియా సమాధానం చెప్పింది. అక్కడ 1999లో జాతీయ కేన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. అందులో థైరాయిడ్ లేదు కానీ, చాలా ఆస్పత్రులు కొద్దిపాటి ఖర్చుతో మెడ అల్ట్రాసౌండ్‌ను జతచేశాయి. 2011 నాటికి థైరాయిడ్ కేన్సర్ అని తేలినవాళ్ల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ కేన్సరుతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం కదల్లేదు. అంటే అదనంగా దొరికిన వేల కేన్సర్లు ప్రాణం తీసే రకం కావు. కానీ దొరికినవాళ్లలో దాదాపు అందరికీ గ్రంథిని కోసి తీశారు. ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు 11 శాతం మందికి కాల్షియం గ్రంథులు దెబ్బతిన్నాయి, 2 శాతం మందికి స్వరతంత్రి చచ్చుబడింది. 2014లో అక్కడి వైద్యులే కొందరు ముందుకొచ్చి ఈ స్క్రీనింగ్ వద్దని బహిరంగంగా చెప్పాక ఏడాదిలో ఆపరేషన్లు మూడో వంతు మేర తగ్గాయి.

జపాన్ వాళ్లు ఇంకో దారిలో ఇదే నిజానికి చేరారు. కోబే నగరంలోని కుమా ఆస్పత్రిలో అకిరా మియౌచి ప్రతిపాదనతో 1993 నుంచి, ఒక సెంటీమీటరు లోపు ఉండి ఎక్కడికీ పాకని పాపిల్లరీ కేన్సర్లను (థైరాయిడ్ కేన్సర్లలో ఎక్కువగా కనపడే రకం) ఆపరేషన్ చేయకుండా క్రమంగా గమనించడం మొదలుపెట్టారు. 1,235 మందిని చూశాక, పదేళ్లలో 3 మి.మీ., అంతకు మించి పెరిగినవి సుమారు 8 శాతం, మెడలో లింఫ్ గ్రంథులకు పాకినవి 4 శాతం లోపు. వాళ్లకు అప్పుడు ఆపరేషన్ చేశారు. ఈ కేన్సరుతో ఒక్కరూ చనిపోలేదు. కేన్సర్ అని తేలిన చిన్న గడ్డలే ఇంత నెమ్మదైనవైతే, తేలనివాటిని చూసి రాత్రుళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు. లక్షణాలు లేని పెద్దవాళ్లకు థైరాయిడ్ కేన్సర్ స్క్రీనింగ్ వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2017లో చెప్పడానికి వెనక ఉన్న ఆలోచనా ఇదే.

స్క్రీనింగ్ వద్దంటున్నానంటే మెడ వైపు చూడొద్దని కాదు. వెలుతురులో అద్దం ముందు నిలబడి, తల కాస్త వెనక్కి వాల్చి, ఒక గుక్క నీళ్లు మింగండి. థైరాయిడ్ గ్రంథి స్వరపేటికకు, శ్వాసనాళానికి అంటుకుని ఉంటుంది కాబట్టి మింగినప్పుడు వాటితోపాటు పైకి లేచి కిందికి దిగుతుంది. మెడ పక్కన కొవ్వు గడ్డలు, చాలా లింఫ్ గ్రంథులు అలా కదలవు. మింగినప్పుడల్లా పైకీ కిందికీ జారే ఉబ్బు ఎక్కడైనా కనపడితే డాక్టరుకు చూపించాలి. గడ్డ కొన్ని వారాల్లోనే చకచకా పెరిగినా, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోయినా, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, మింగడానికో పడుకున్నప్పుడు ఊపిరికో అడ్డం పడుతున్నా ఆలస్యం చేయకూడదు. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ పడ్డవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం (వంశపారంపర్యంగా రాగల థైరాయిడ్ కేన్సర్) ఉన్నవాళ్లు, గడ్డ కనపడిన 20 ఏళ్ల లోపు పిల్లలు, మరేదో జబ్బుకు తీసిన పెట్ స్కాన్‌లో థైరాయిడ్‌లో ఒక చోట వెలుగు కనపడినవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. మగవాళ్లకు గడ్డలు తక్కువే కానీ, వచ్చిన గడ్డ కేన్సర్ అయ్యే అవకాశం కాస్త ఎక్కువ. ఒక్క రాత్రిలో గడ్డ ఉబ్బి నొప్పి పుడితే మాత్రం చాలాసార్లు అది తిత్తిలోకి రక్తం దిగడమే. చూపించుకోవాలి, కానీ సాధారణంగా కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది.

మొదట టీఎస్‌హెచ్, తర్వాతే మిగతావి

గడ్డ ఉందని తెలిశాక మొదటి పరీక్ష టీఎస్‌హెచ్. అది తక్కువగా వస్తే గడ్డే స్వయంగా హార్మోను ఉత్పత్తి చేస్తోందేమోనన్న అనుమానం వస్తుంది. అప్పుడు న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో, కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి టెక్నీషియం స్కాన్ చేస్తారు. గడ్డ మందును బాగా పీల్చుకుని ముదురుగా వెలిగితే దాన్ని హాట్ నాడ్యూల్ అంటారు. అది కేన్సర్ కావడం చాలా అరుదు, దానికి సూది పరీక్ష (సన్న సూదితో కణాలు లాగి చూడటం) కూడా సాధారణంగా అక్కర్లేదు. గర్భిణులకు ఈ స్కాన్ చేయకూడదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గానో ఎక్కువగానో ఉంటే న్యూక్లియర్ స్కాన్ దండగ, నేరుగా అల్ట్రాసౌండ్‌కు వెళ్లాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. జుట్టుకు, గోళ్లకు అని వేసుకునే బయోటిన్ బిళ్లల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. చాలా లేబొరేటరీ యంత్రాలు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి కాబట్టి రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ3, టీ4 లేనంత ఎక్కువగా కనపడతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి హైపర్‌థైరాయిడ్ అని రాసేస్తారు. రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అది ఆపాలి, వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. అన్నట్టు, యాంటీ టీపీఓ (గ్రంథి మీదికి ఒళ్లే తయారుచేసుకునే యాంటీబాడీల పరీక్ష) ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించడానికి డబ్బు పెట్టొద్దు. ఆ అంకె పెరిగినా తగ్గినా వైద్యం మారదు.

రిపోర్టులో ఏం చూడాలి

అల్ట్రాసౌండ్ రిపోర్టు రాగానే అందరి కళ్లూ సైజు మీదికే పోతాయి. నిజానికి గడ్డ ఎలా ఉందన్నది సైజు కన్నా ముఖ్యం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో తెచ్చిన టైరాడ్స్ పద్ధతి అయిదు లక్షణాలకు మార్కులు వేస్తుంది. లోపల నీరు గానీ స్పాంజిలా గానీ ఉంటే 0, సగం నీరు సగం కండ అయితే 1, పూర్తి గట్టి గడ్డ అయితే 2. చుట్టూ ఉన్న గ్రంథి కన్నా నల్లగా కనపడితే 2, మరీ నల్లగా ఉంటే 3. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువైతే ఒక్కసారే 3. అంచులు వంకరటింకరగా ఉంటే 2, గ్రంథి గోడ దాటితే 3. లోపల సూదిమొనంత తెల్ల చుక్కలుంటే 3. పెద్ద కాల్షియం ముక్క అయితే 1, అంచు చుట్టూ కాల్షియం అయితే 2. ఈ మొత్తాన్ని బట్టి టీఆర్1 నుంచి టీఆర్5 వరకు తరగతి. 3 మార్కులు టీఆర్3, 4 నుంచి 6 వరకు టీఆర్4, 7, అంతకు మించితే టీఆర్5.

ఒక రిపోర్టు తీసుకుందాం: కుడి లోబులో (గ్రంథి కుడి రెక్కలో) 16 × 12 × 9 మి.మీ. గడ్డ, పూర్తిగా గట్టిది, నల్లగా ఉంది, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, అంచులు నునుపు, తెల్ల చుక్కలు లేవు. గట్టిదనానికి 2, నలుపుకు 2, మొత్తం 4. టీఆర్4. ఈ తరగతిలో 15 మి.మీ., అంతకు మించితే సూది పరీక్ష, కాబట్టి చేయించుకోవాలి. ఇదే గడ్డ 12 మి.మీ. ఉంటే సూది అక్కర్లేదు, ఏడాదికి మళ్లీ స్కాన్ చాలు. టీఆర్3కి సూది హద్దు 25 మి.మీ., టీఆర్5కి 10 మి.మీ. స్పాంజిలా ఉన్న గడ్డ మూడు సెంటీమీటర్లున్నా సూది పరీక్ష అవసరపడదు. పెద్దది కాబట్టి ప్రమాదం, చిన్నది కాబట్టి ఫర్వాలేదు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

మన దగ్గర చాలా రిపోర్టుల్లో సైజు ఒక్కటే రాసి, కింద "క్లినికల్ కోరిలేషన్" (రోగిని చూసి పోల్చుకోండి) అని వదిలేస్తారు. ఆ అయిదు లక్షణాలూ, టైరాడ్స్ తరగతీ, పక్కనున్న లింఫ్ గ్రంథుల సంగతీ రాయమని రేడియాలజిస్టును అడగడం మీ హక్కు. అవి లేని రిపోర్టుతో సరైన నిర్ణయం తీసుకోవడం ఎవరివల్లా కాదు.

సూది పరీక్ష

ఈ సూది పరీక్షకు పేరు ఎఫ్ఎన్ఏసీ. ఆ మాట అనగానే ఆపరేషన్ అనుకుని వణికేవాళ్లున్నారు. గడ్డను గుచ్చితే కేన్సర్ పాకిపోతుందన్న భయమూ ఉంది. ఈ సన్న సూదితో ఆ ప్రమాదం లెక్కలోకి రానంత అరుదు. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాలేలా పడుకోబెడతారు. చర్మం శుభ్రం చేసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్ మెడ మీద పెట్టి, 25 గేజ్ సూదిని తెర మీద చూస్తూ గడ్డలోకి దించుతారు. రక్తం తీసే సూది కన్నా ఇది సన్నం. సూది లోపల ఉన్న కొన్ని సెకన్లు మింగకూడదు, మాట్లాడకూడదు, దగ్గు వస్తే ముందే చెయ్యి ఎత్తి చెప్పాలి. మింగితే గ్రంథి పైకి కదులుతుందని పైన చెప్పుకున్నాం, సూది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండు నుంచి అయిదు సార్లు గుచ్చి, వచ్చిన బొట్టును గాజు పలకల మీద పరుస్తారు. తర్వాత పది నిమిషాలు దూదితో నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

"సరిపడా కణాలు రాలేదు" అనే జవాబు ఎందుకొస్తుందంటే, పలక మీద కనీసం పదేసి కణాలున్న గుంపులు ఆరు ఉంటేనే పాథాలజిస్టు ధైర్యంగా చెప్పగలడు. నీటి తిత్తిలో నీరు మాత్రమే లాగినా, రక్తం ఎక్కువ కలిసినా అన్ని దొరకవు. చేత్తో తడిమి గుచ్చితే ఈ ఇబ్బంది ఎక్కువ. అందుకే అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే చోటికే వెళ్లాలి.

ఫలితం బెథెస్డా పద్ధతిలో 1 నుంచి 6 వరకు వస్తుంది. 1 అంటే కణాలు చాలలేదు, మళ్లీ చేయాలి. 2 అంటే నిరపాయం. 6 అంటే కేన్సర్, 5 అంటే దానికి దగ్గర. మనుషులను కుదురుగా ఉండనివ్వనివి 3, 4. నాలుగో తరగతిని ఫాలిక్యులర్ నియోప్లాజం అంటారు. ఇది కేన్సరో కాదో సూది చెప్పలేదు, అది పాథాలజిస్టు చేతకానితనం కాదు. ఫాలిక్యులర్ గడ్డ కేన్సర్ అవునా అన్నది దాని చుట్టూ ఉన్న గోడను కణాలు దాటాయా అన్నదాన్ని బట్టి తేలుతుంది. సూదికి కణాలు వస్తాయి, గోడ రాదు. అందుకే ఆ సగం గ్రంథిని తీసి గోడంతా మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తుంది. 2023 సవరణ ప్రకారం నాలుగో తరగతిలో కేన్సర్ అయ్యేది సగటున నూటికి 30, మూడో తరగతిలో 22. మూడో తరగతికి వెంటనే కత్తి అక్కర్లేదు. సూది పరీక్ష మళ్లీ చేయడం, వీలైతే జన్యు పరీక్ష, లేదా గమనిస్తూ ఉండటం, ఇవి ముందు మాట్లాడాలి.

ఆపరేషన్ అవసరమైతే అడగాల్సిన మొదటి ప్రశ్న: సగమా, మొత్తమా? 4 సెంటీమీటర్ల లోపు ఉండి ఎక్కడికీ పాకని పాపిల్లరీ కేన్సరుకు కూడా చాలామందికి సగం తీస్తే చాలు. సగం తీసినవాళ్లలో అయిదుగురిలో ఒకరికే తర్వాత థైరాక్సిన్ కావాల్సి వస్తుంది. మొత్తం తీస్తే అందరికీ జీవితాంతం కావాలి. గ్రంథి వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్లు, అంటే పైన చెప్పిన కాల్షియం గ్రంథులు, నాలుగు ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే మొదటి రెండు మూడు రోజుల్లో పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలాడుతుంది. అది కాల్షియం పడిపోయిందనడానికి గుర్తు, వెంటనే నర్సుకు చెప్పాలి. రెండో ప్రశ్న సర్జనుకు: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? 25కి మించి చేసేవాళ్ల దగ్గర ఇబ్బందులు తక్కువని అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలనలో తేలింది. ఈ ప్రశ్న అడగడం అమర్యాద కాదు.

ఉప్పు, బిళ్ల

ఉప్పు సంగతి చెప్పేటప్పుడు శ్రీకాకుళంలో పుట్టిన వైద్య పరిశోధకుడు వులిమిరి రామలింగస్వామిని తలచుకోకుండా ఉండలేం. 1956లో, ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన బృందం ఊళ్లను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ (థైరాయిడ్ హార్మోను తయారీకి కావాల్సిన పోషకం) కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చింది. అయోడిన్ అందిన ఊళ్లలో గళగండం (గ్రంథి వాచి మెడ ఉబ్బడం) తగ్గిపోయింది. ఆ ఫలితాల మీదే 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు అదే జిల్లా నౌపడ నుంచి కిందికి ఇస్కపల్లి దాకా ఉప్పు మడులున్న మనం, "సహజం" అన్న మాట కోసం ప్యాకెట్ ఉప్పు మానేసి సైంధవ లవణానికో, విడి కళ్లుప్పుకో మారిపోతున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 అయోడిన్ కావాలి. ప్యాకెట్ ఉప్పులో ఇంటికి చేరేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. సైంధవ లవణంలో, కలిపితే తప్ప, చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. నవ్వే సూర్యుడి గుర్తున్న ప్యాకెట్ కొని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పొయ్యి పక్కన పెట్టకుండా, కూరలో చివర్లో వేసుకోవాలి. ఉప్పు ఎక్కువ తినమని దీని అర్థం కాదు. తినే కొద్దిపాటి ఉప్పు అయోడిన్ ఉన్నదై ఉండాలి.

అతి కూడా చేటే. సముద్రపు నాచు బిళ్లలు థైరాయిడ్‌కు మంచివని అమ్మేవి కొనొద్దు. చాలా గడ్డలున్న గ్రంథికి ఒక్కసారి ఎక్కువ అయోడిన్ తగిలితే హార్మోను అదుపు తప్పొచ్చు. అలాంటివాళ్లు సీటీ స్కాన్‌కు కాంట్రాస్ట్ ఎక్కించే ముందు ఆ సంగతి చెప్పాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని తింటే భయం లేదు, అయోడిన్ సరిపడా ఉన్నచోట అవి గడ్డలు పుట్టించవు.

థైరాక్సిన్ నిజంగా అవసరమైనవాళ్లు పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి, టిఫినుకు 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్లలకు నాలుగు గంటల ఎడం. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకే టీఎస్‌హెచ్ చూడాలి, ముందు చూస్తే అంకె ఇంకా కుదురుకోదు. బిళ్ల వాడుతున్న స్త్రీకి నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, డోసు దాదాపు పావు వంతు పెంచాల్సి వస్తుంది.

గమనిస్తూ ఉండమని చెప్పినవాళ్లు ఎప్పుడూ ఒకే స్కానింగ్ సెంటరుకు వెళ్లడం మేలు. 9 మి.మీ. ఉన్న గడ్డ ఈసారి 10 అయిందంటే అది పెరిగిందని కాదు, కొలిచే చెయ్యి మారినా ఆ మాత్రం తేడా వస్తుంది. కనీసం రెండు కొలతల్లో 20 శాతం, అదీ 2 మి.మీ.కి తగ్గకుండా పెరిగితేనే దాన్ని పెరుగుదలగా లెక్కేస్తారు. అందుకని మొదటి రిపోర్టులోని మూడు కొలతలూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ప్రతిసారీ రేడియాలజిస్టు ముందు ఉంచండి. పాత కొలతలు లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు, ఆ రోజు తీసిందే మళ్లీ మొదటి స్కాన్ అవుతుంది.